కాణిపాకంలో కారు బేరం

"అయితే కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అన్నాడు దొరస్వామి.

రాజారత్నం బిత్తరపోయాడు. పొద్దుట్నుంచీ అంతా సజావుగానే సాగింది. చిత్తూరులో బెల్లం మండీ నడిపే దొరస్వామి, పన్నెండేళ్ల నాటి ఆ చిన్న డీజిల్ కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్ ఎత్తి చూసి, ఆయిల్ కారడం లేదన్నాడు. తాళం తిప్పి, డీజిల్ బండ్లకు వెలిగే పసుపు లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకుంది. ఎడమ వైపు వెనక డోరు కాస్త పైకెత్తితే తప్ప పడదు. ఆ సంగతి రాజారత్నం చెప్పేలోపే ఆయన ఎత్తి మూసేశాడు. బండ్ల గురించి బాగా తెలిసిన మనిషేనని రాజారత్నం సంతోషించాడు. తీరా బేరం కుదిరాక ఈ మెలిక పెట్టాడు.

"ఏమని ప్రమాణం చెయ్యాలన్నా?"

"ఈ బండిలో నువ్వు దాచిపెట్టిన లోపం ఒక్కటి గూడా లేదని. అంతే."

"నేను చర్చికి పోయేవాణ్ణి గదన్నా. నా ప్రమాణం ఆడ చెల్లుతుందా?"

"నువ్వు యాడికి పోయినా సరేనప్పా. ఆ సామి ముందర అబద్ధమాడి బాగుపడినోణ్ణి నేను ఇంతవరకూ సూళ్లేదు."

వాకిట్లో మొక్కలకు నీళ్లు పడుతున్న గ్రేసీ పైపు వదిలేసి వచ్చి, మొగుణ్ణి పక్కకు లాగింది.

"ఏమయ్యా, నీకు దండం పెడతా. అడిగిందానికి ఊ అను, చాలు. అడగంది చెప్పబాకు. నీ నిజాయితీ దెబ్బకి ఇప్పటికే నలుగురు పారిపోయినారు. ట్రాలీ ఆటో ఆయన సాయంత్రం దాకా సూసి ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు, తెలుసు గదా!"

తెలియకేం. మొక్కల నర్సరీ పెట్టుకున్నవాడికి కారు దేనికి? వెనక సీట్లో నాలుగు మామిడి అంట్లు పడితే గొప్ప. కారు అమ్ముడుపోతేనే ట్రాలీ ఆటో. అది వస్తేనే పలమనేరు దాకా మొక్కలు వేసుకెళ్లి అమ్ముకోవడం. రాజారత్నం బుద్ధిగా తలూపి బండెక్కాడు.

దొరస్వామే నడిపాడు. దారి పొడుగునా ఒక చేత్తో స్టీరింగును నిమురుతూనే ఉన్నాడు.

"ఎప్పుడైనా దారిలో నిలబెట్టిందా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రాజారత్నానికి గర్వమే. "నాలుగేండ్లలో ఒక్కనాడు గూడా లేదన్నా. నిండా జనంతో మొగిలి ఘాటు ఎక్కినా దగ్గలేదు."

"నిలబెట్టదు. ఇది నిలబెట్టదు" అన్నాడు దొరస్వామి తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు. "ఆరేండ్లలో రెండు కొత్త బండ్లు మార్చినానప్పా. రెండూ నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టినాయి. ఇట్లాంటి బండి కావాలనే తిరుగుతా ఉండా."

కాణిపాకం చేరేసరికి గుడి ముందు కొత్త కార్లు పూలదండలతో, చక్రాల కింద నిమ్మకాయలతో వరసగా నిలబడి ఉన్నాయి. ఇద్దరూ చెప్పులు విడిచి గోపురానికి ఎదురుగా నిలబడ్డారు.

"ఇంగ చెప్పు" అన్నాడు దొరస్వామి.

రాజారత్నం గోపురం వైపు చూశాడు. తను మొక్కే దేవుడు కాకపోవచ్చు. అయినా అంతమంది నిజం చెప్పడానికి వచ్చే చోట నిలబడి అబద్ధమాడటానికి నోరు రాలేదు. గ్రేసీ మొహం గుర్తొచ్చింది. ట్రాలీ ఆటో మీద ఆశ వదులుకున్నాడు.

"నా వల్ల కాదన్నా. మీటర్లో లక్షా ఇరవై వేలు సూపిస్తా ఉండాది గదా, అది తప్పు. బండి రెండు లక్షల పైనే తిరిగింది. నేను కొన్న కొత్తల్లో ఎయిర్ ఫిల్టర్ మారుస్తా ఉంటే దాని డబ్బాలో పాత సర్వీసు చీటీ దొరికింది. అప్పటి మీటరు కంటే దాంట్లో దగ్గర దగ్గర లక్ష ఎక్కువుండాది. నాకంటే ముందు ఇద్దరి చేతులు మారిన బండి, ఎవుడో మహానుభావుడు లక్ష కిలోమీటర్లు వెనక్కి తిప్పించి అమ్మినాడు. నాలుగేండ్లుగా నేను వాణ్ణి తిట్టుకోని రోజు లేదు."

"నాకు చెప్పకుండా అమ్మేసుండొచ్చు గదప్పా?"

"చెప్పబట్టే గదన్నా నలుగురు పారిపోయింది!"

దొరస్వామి చేతిలోని తాళాలను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నువ్వు గూడా అబద్ధం చెప్పింటే నాకు బాగుండేదప్పా" అన్నాడు.

ఆ మాట రాజారత్నానికి అర్థం కాలేదు. బేరం పోయినట్టేననుకుని తాళాల కోసం చెయ్యి చాచాడు. దొరస్వామి తాళాలు తన జేబులో వేసుకుని, చేతిసంచీలోంచి డబ్బు కట్ట తీసి ఆ చేతిలో పెట్టాడు.

"మాట్లాడుకున్నదే ఇస్తా ఉండా. రూపాయి తగ్గించలేదు. బండి నాది."

రాజారత్నానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పాక కూడా నిలబడినవాణ్ణి ఇన్నాళ్లకు చూశాడు. వెంటనే గ్రేసీకి ఫోన్ చేసి ట్రాలీ ఆటో ఆయన్ని ఆపమన్నాడు. "నోరు తెరవలేదు గదా?" అని ఆమె అడుగుతుంటే నవ్వుతూ పెట్టేశాడు.

ఇటు తిరిగి చూస్తే దొరస్వామి రెండు చెవులూ పట్టుకుని గోపురానికి ఎదురుగా గుంజీళ్లు తీస్తున్నాడు. అరవయ్యేళ్ల మనిషి. మోకాళ్లు పటపటమంటున్నా ఆపడం లేదు. బండి దొరికిందన్న మొక్కు కాబోలు అనుకున్నాడు రాజారత్నం. ఇరవై దాటేసరికి ఇక చూడలేకపోయాడు.

"చాల్లే అన్నా, పడిపోతారు! ఏం మొక్కుకున్నారని ఇన్ని గుంజీళ్లు?"

"ఈడ అబద్ధమాడకూడదు గదప్పా" అన్నాడు దొరస్వామి రొప్పుతూ, చెవులు వదలకుండానే. "ఆరేండ్ల ముందర ఆ మీటరు వెనక్కి తిప్పించి అమ్మిన మహానుభావుణ్ణి నేనే."