గోడ సాక్ష్యం

చెరువు తెగి పదిహేను రోజులైంది. గొల్లవాడలో అంతకుముందు ఏడిళ్లుండేవి. ఇప్పుడు ఏడు మట్టికుప్పలున్నాయి.

ఇళ్లు పోయినవాళ్లంతా పటేలు పశువుల కొట్టంలో తలదాచుకున్నారు. పటేలు దయగలవాడు. కిరాయి అడగలేదు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా తన పొలంలో ఇసుక మేట ఎత్తిపోయమన్నాడు, అంతే.

ఆ కొట్టంలోనే, బర్రెల పక్కన, సైదమ్మ కూతురు యాదమ్మ నెలలు నిండి పడుకుని ఉంది. పురుడు అక్కడే పోయాల్సి వస్తుందేమోనని సైదమ్మకు నిద్ర పట్టడం లేదు.

ఇంతలో ప్రభుత్వానికి జాలి కలిగింది. జాలి వెంటే ఒక షరతు కూడా కలిగింది. ఇల్లు పోయినవాళ్లకు గట్టు మీద జాగా ఇస్తారు. కప్పుకు బొంగులు, తాటికమ్మలు ఇస్తారు. కాకపోతే తాలూకా నుంచి గిర్దావరు స్వయంగా వచ్చి, ఇంటి గోడ మీద నీటి గీత ఎంత ఎత్తున ఉందో కొలవాలి. నడుము దాటితేనే మంజూరు.

పట్వారీ ఆ కాగితం చదివి వినిపించాడు.

"మా ఇంటికి గోడనే లేదు గదయ్యా," అంది సైదమ్మ.

"గోడ లేకుంటె గీత లేదు. గీత లేకుంటె నీళ్లొచ్చినట్టు రుజువు లేదు."

"నీళ్లు రాకుంటె మరి ఇల్లు గాలికి కొట్టుకపోయిందా?"

"గాలికి పోయిందని రాయమంటె రాస్త. గాలికి మంజూరు లేదు."

పటేలు ఇంటి గోడ ఒక్కటీ కూలలేదు. తన కొట్టం మీది గీతను ఆయన రెండుసార్లు కొలిపించుకున్నాడు.

వాడ పెద్ద గుర్వయ్య చుట్ట ఆర్పాడు.

"ఫికర్ చెయ్యకు సైదక్కా. గిర్దావరు సాబు ఒచ్చేది బేస్తారం గద. గా యాల్లకు నీ ఇంటికి గోడ ఉంటది."

"ఆమె ఒక్కదానికేనా?" తన ఇల్లూ పోయిన నర్సింగమ్మ మూతి తిప్పింది.

"అందరికుంటది. జర నోరు మూసుకొని మట్టి తొక్కు."

మూడు రాత్రులు మట్టి తొక్కారు. గడ్డి కలిపారు. నిలబడే ఇల్లు ఎవరైనా కడతారు. కూలిపోయిన ఇల్లు కట్టాలంటే పనితనం కావాలి.

ఆ గురువారం పొద్దున గిర్దావరు మోత్కూరు బస్సు దిగాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు, చంకలో గొడుగు, చేతిలో కొలత టేపు. పట్వారీ బురదకు జడిసి పటేలు అరుగు మీదే ఆగిపోయాడు. లోపల కోడి ఉడుకుతోంది.

"నడిస్తె మోకాళ్లదాక దిగబడ్తరు సారు," అంటూ గుర్వయ్య గిర్దావరును గూడుబండి ఎక్కించాడు. జల్లు కొట్టకుండా బండికి ముందూ వెనకా గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. వాడలోని ఐలేశం ఎడ్లను అదిలించాడు.

మొదటి ఇల్లు సైదమ్మది. మట్టికుప్పల నడుమ ఒక గోడ. దాని మీద ఎర్రగా నీటి గీత.

గిర్దావరు గొడుగును గోడకున్న చిలక్కొయ్యకు తగిలించి టేపు తీశాడు. నాలుగడుగుల మూడంగుళాలు. గోడను తడిమాడు. అరచేతికి బురద అంటింది. వరద పోయి పదిహేను రోజులు దాటినా గోడ ఎందుకు ఆరలేదని అడగాలని తోచలేదేమో, చెయ్యి రుమాలుకు తుడుచుకున్నాడు.

"బిడ్డకు నెలలు నిండినయి సారూ. బర్రెల నడుమ పండుకున్నది," సైదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గిర్దావరు ఆమెను చూశాడు. గోడను చూశాడు. సంతకం చేశాడు.

బండి కదిలింది. బీడీ కాలేలోపు నడిచి దాటగల వాడలో అరగంట తిరిగింది.

రెండో ఇల్లు ఐలేశంది. గోడ మీద తడి గొంగడి వేలాడుతోంది. కింద రోలు. నాలుగడుగుల మూడంగుళాలు.

మూడో ఇల్లు సోమమ్మది. గొంగడి, పగిలిన కుండలు. నాలుగడుగుల మూడంగుళాలు. గొల్లల ఇంట్లో గొంగడి లేని గోడ ఉంటుందా మరి?

తుంపర మొదలైంది. గిర్దావరు ఆ బురద రుమాలునే తలకు కట్టుకున్నాడు.

నాలుగో ఇంట్లో గోడ పక్కన మేకను కట్టేశారు. కొలత మారలేదు.

"మీ వాడల నీళ్లు మస్తు పద్ధతిగ ఒచ్చినయే," అన్నాడు గిర్దావరు. "అందరికీ ఒక్క తీరుగ."

"నీళ్లకు చిన్నపెద్ద తెల్వది సారు," అన్నాడు గుర్వయ్య. "గది పట్వారీలకే తెలుస్తది."

ఐదో ఇంట్లో ఏడవాల్సిన ఇల్లాలికి నవ్వొచ్చింది. వెనక నుంచి ఎవరో గిల్లారు. అప్పుడు బాగా ఏడ్చింది. సంతకం పడింది.

ఆరో ఇల్లు గుర్వయ్యదే. టేపు పట్టుకున్న గిర్దావరు కళ్లద్దాల వైపు చూసి గుర్వయ్య, ఇంత గుడ్డి సర్కారును ప్రసాదించినందుకు చెరువు కట్ట మైసమ్మకు మనసులోనే ఒక మేకపోతును మొక్కుకున్నాడు.

ఏడో ఇల్లు నర్సింగమ్మది. అక్కడికి చేరేసరికి పొద్దు వాలింది. పటేలు ఇంట్లో కోడికూర చల్లారిపోయింది. నర్సింగమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. నాలుగడుగుల మూడంగుళాలు.

"ఇంకేమన్న ఇండ్లున్నయా?"

"లేవు సారు. గిదే ఆఖరుది," గుర్వయ్య గట్టిగా ఊపిరి వదిలాడు.

గిర్దావరు ఏడో సంతకం చేసి, నర్సింగమ్మ ఇంటి గోడ మీది తడి గొంగడిని మెల్లగా పక్కకు జరిపి, పొద్దున సైదమ్మ ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించిన తన గొడుగును తీసుకుని బండెక్కాడు.