చదివేవాళ్ళను కదిలించకూడదు

“ఉష్! ఎస్తేరమ్మ సదువుకుంటా ఉండాది, కనబళ్ళా?”

నవోమి కసిరింది మనిషిని కాదు, మేకను.

దానికి ఏం అర్థమయిందో గానీ, అరుపు ఆపి చర్చి గోడ వెనక్కి పోయింది.

నవోమి చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, అడుగుల చప్పుడు కాకుండా వరండా ఎక్కి, టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. ఎస్తేరమ్మ పుస్తకంలోంచి తలెత్తి నవ్వింది.

అడగాల్సిన మాట నవోమి నాలుక చివరిదాకా వచ్చింది.

పుస్తకం వంక చూసింది. మాట మింగేసి వెనక్కి వచ్చేసింది.

ఎస్తేరమ్మది కెన్యా. దొరవారిసత్రం అవతల, పులికాట్ గాలి తగిలే ఈ చిన్న ఊరి బడిలో జీతం లేకుండా ఇంగ్లీషు చెప్పడానికి అక్టోబరులో వచ్చింది. వయసు యాభై దాటింది. ఫారిన్ టీచరంటే తెల్ల దొరసాని దిగుతుందని ఎదురుచూసిన ఊరు, తమ రంగు మనిషే ఆటో దిగేసరికి కాస్త చప్పబడింది. పేరు ఎస్తేరని విన్నాక మాత్రం మన మనిషే అనుకుంది.

నాలుగింటికి బడి వదిలేవాళ్ళు. ఆ తర్వాత ఆమె తను ఉండే చర్చి గది ముందు వరండాలో బెంచీ మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేది. చీకటి పడేదాకా అంతే.

“ఎన్ని పుస్తకాలు సదువుద్దో మహాతల్లి!” అని ఊరు ముక్కున వేలేసుకుంది.

నవోమికి ఆమెతో పని ఉంది.

నవోమి అంగన్‌వాడీలో ఆయా. పన్నెండేళ్ళుగా పిల్లలకు గుడ్లు ఉడకబెడుతోంది, ఏడిస్తే ఎత్తుకుంటోంది. వేసవిలో టీచరమ్మ రిటైరవుతుంది. ఆ ఉద్యోగం తనకు రావాలంటే పదో తరగతి పాసవ్వాలి. అన్నీ గట్టెక్కాయి గానీ, ఇంగ్లీషు ఒక్కటి రెండుసార్లు తన్నేసింది. మార్చిలో మళ్ళీ పరీక్ష. అదీ పోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

“అమ్మా, నాకూ కాస్త ఇంగ్లీషు చెప్తారా?” ఇంతే అడగాల్సింది.

కానీ నవోమి జ్ఞానప్రకాశం కూతురు. కూలికి మడి దున్నిన జ్ఞానప్రకాశానికి సంతకం కూడా రాదు, చదువంటే మాత్రం ప్రాణం. పిల్లలు పుస్తకం తీస్తే చాలు, రేడియో కట్టేసేవాడు. అన్నానికి కూడా పిలవనిచ్చేవాడు కాదు, కంచం మీద మూత పెట్టించేవాడు. “సదివే మనిషిని కదిలిస్తే పాపం!” అనేవాడు. ఆ ఇంట్లో పది ఆజ్ఞల తర్వాత పదకొండోది అదే.

అందుకే పుస్తకం మూసేదాకా ఆగుదామనుకుంది నవోమి. ఎస్తేరమ్మ దాన్ని మూసిన పాపాన పోలేదు.

“అడగరాదా? ఆమేమన్నా కొరుకుద్దా?” అంది పక్కింటి లిల్లీ.

“రేపు అడుగుతాలే అక్కా. ఇయ్యాల పుస్తకం సగంలో ఉండాది.”

ఒకరోజు ఎస్తేరమ్మ పక్కకు జరిగి బెంచీ మీద చెయ్యి తట్టింది.

“నవోమీ, సిట్.”

“వద్దమ్మా, మీరు సదవండి.”

ఇంకోరోజు పుస్తకం ఇటు తిప్పి ఏదో చూపించబోయింది. తన వల్లే చదువు ఆగిపోయిందని నవోమి నొచ్చుకుంది. మర్నాటి నుంచి టీ గ్లాసు కిటికీలో పెట్టి, కనబడకుండా వచ్చేయడం మొదలుపెట్టింది.

మార్చి వచ్చింది. నవోమి పరీక్ష రాసింది. ఆ వారమే ఎస్తేరమ్మ ప్రయాణం. వెళ్ళేటప్పుడు నవోమి చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నవోమి నోటికి వచ్చిన ఇంగ్లీషు ‘థాంక్యూ’ ఒక్కటే. అదే అంది.

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషు మళ్ళీ పోయింది.

టీచరు ఉద్యోగం ఎవరో పక్క ఊరి అమ్మాయికి ఇచ్చారు. అయినా నవోమి మర్నాడు పొద్దున్నే వెళ్ళి పిల్లలకు గుడ్లు ఉడకబెట్టింది.

ఆ ఆదివారం నెల్లూరు నుంచి ఆండ్రూ వచ్చాడు. ఎస్తేరమ్మను ఈ ఊరికి తెచ్చిందీ, మళ్ళీ రైలెక్కించి మద్రాసు దాకా దిగబెట్టిందీ అతనే. ప్రార్థన అయ్యాక నవోమిని పలకరించాడు.

“ఏమ్మా, ఊళ్ళో పెద్దోళ్ళు ఒక్కరన్నా ఆమె కాడికి సదువుకోను రాలేదంటనే? రైల్లో ఒకటే దిగులు పడింది.”

నవోమి బిత్తరపోయింది.

“పెద్దోళ్ళకు గూడా చెప్తుందా అన్నా?”

“పిల్లోళ్ళకే అని నేనూ అనుకుంటిని. రైలెక్కినాక గదా చెప్పింది! లోపల ఫ్యానుండంగా ఆ దోమల్లో బయటెందుకు కూర్చునిందంటావు? ఎవురన్నా వచ్చి పక్కన కూర్చుంటారని.”

“సదువుకుంటా ఉండాదని... కదిలించకూడదని... మేమందరం తప్పుకొని పోయినామన్నా!” నవోమి వరండాలో బెంచీ వంక చూసింది. “ఒక్క మాట నోరు తెరిచి చెప్పుంటే?”

“నేనూ అదే అడిగినా. పెద్దోళ్ళను పిలిచి ‘నీకు రాదు, నేర్పిస్తా రా’ అంటే సిగ్గుతో సచ్చిపోతారు, వాళ్ళంతట వాళ్ళే రావాల అనింది. ఆ సిగ్గు ఆమె పడిందే గదమ్మా.”

“టీచరమ్మకు సిగ్గేందన్నా?”

“ఆమె పరీక్షలు రాసి టీచరయింది నలభై దాటినాకమ్మా, అంతకు ముందు ఇరవై ఏళ్ళు వాళ్ళూరి బళ్ళో నీ మాదిరే ఆయా.”