ఫ్రిజ్ దయవల్ల ఇంటిపెద్ద

యంత్రాలకూ ఓటు హక్కు వచ్చాక మా ఇంట్లో అయిదు ఓట్లయ్యాయి. నావి రెండు: నాదీ, రోజంతా నా ముఖమే చూసే టీవీదీ. మా ఆవిడ అనసూయవి రెండు: తనదీ, పొయ్యిదీ. ఫ్రిజ్ బయటి నుంచి మద్దతిస్తే నేను ఇంటిపెద్దనయ్యాను. ఆ మద్దతు నిలుపుకోవడానికి మొదట చక్కెర మానేశాను, తర్వాత ఆవకాయ.

ఇవాళ నా పుట్టినరోజు కదా అని బంగాళాదుంప వేపుడు ప్రతిపాదించాను.

"అయితే మద్దతు గురించి మళ్లీ ఆలోచించుకోవాలండీ," అంది ఫ్రిజ్.

నా ప్రతిపాదనకు నేనే వ్యతిరేకంగా ఓటేశాను. ఫ్రిజ్ ప్రతిపాదించిన సొరకాయ కూర నెగ్గింది.

అనసూయ జాలిగా చూసింది. "మీరు దిగిపోయి నాకు ఓటేయండి. ఈ పూటే వేపుడు చేసి పెడతాను."

చేస్తుంది, నాకు తెలుసు. గొంతు సవరించుకుని, ఇంటిపెద్దను కాబట్టి, మొదటి సొరకాయ ముద్ద నేనే తిన్నాను.