దండ కదలకూడదు

“దండ కదలతా ఉంది తాతా,” అన్నాడు హరినాథ్ మానిటర్ మీంచి తల ఎత్తకుండా. “స్టేజీ మాదిరి కాదు, టీవీలో అంతా దగ్గరగా కనపడతాది. ఊపిరి తెలియకూడదు.”

పాడె మీది పెంచలయ్య ఒక కన్ను తెరిచాడు. “కదల్దులే పెళ్ళికొడకా.”

పెళ్ళాం తనకోసం ఏడుస్తుందో లేదో చూడాలని చచ్చినట్టు పడుకునే మొగుడి నాటకం అది. బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల పెంచలయ్య ఆ వేషం కడితే జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లోనే ఆయన లేచి కూర్చునేవాడు. ఇప్పుడు ఆయనకు గుండె జబ్బు. డాక్టరు వద్దన్నా బతిమాలి ఒప్పించింది మనవరాలు స్వర్ణే. ఆమె మొగుడు హరినాథ్‌కు టీవీలో ఇదే మొదటి అవకాశం. పెళ్ళై నెల కాలేదు. మొగుడు అడగకముందే అన్నీ చేసిపెట్టాలనిపించే రోజులు. పొద్దున తాత మీసాలకు రంగు తనే వేసి, మురిసిపోయి ఫోటో కూడా తీసుకుంది.

అల్లూరు అవతల, రొయ్యల గుంటల పక్కన సెట్టు. చప్పుడు పడుతుందని గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లను కూడా కాసేపు ఆపించాడు హరినాథ్. నవ్వు ఆపుకోలేనివాళ్ళను ముందే దూరంగా పొమ్మన్నాడు. స్వర్ణ తన కొత్త గాజులు గలగలమనకుండా రెండో చేత్తో అదిమిపట్టుకుంది.

శవం మీద బిందెడు నీళ్ళు పోశారు. సముద్రం వైపు నుంచి గాలి రివ్వున కొట్టింది. పెళ్ళాం వేషం వేసిన దుర్గ గుండెలు బాదుకుంటూ ఏడ్చి, చివరి మాట అని ఆగింది.

పెంచలయ్య లేవలేదు.

దుర్గ ఆ మాటే మళ్ళీ అంది. దండ కదలలేదు. గుంటల్లో నీళ్ళు కూడా కదలడం లేదు. ఆమె ముసలాయన చెయ్యి పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

“చల్లంగా ఉండాదన్నా,” అంది నెమ్మదిగా.

ఆ గొంతులో నటన లేదు. హరినాథ్ కుర్చీలోంచి లేచాడు గానీ అడుగు పడలేదు. కెమెరా ఆపమనడం కూడా ఎవరికీ తోచలేదు. స్వర్ణ గాజులు వదిలేసి పరిగెత్తింది. తడిసిన దండ మీద తల వాల్చి, వద్దన్నా వినకుండా తీసుకొచ్చింది తనేనని, తనే చంపేసిందని వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా కళ్ళు ఒత్తుకున్నారు.

“ఏడుపు బాగుండాది గానీ అమ్మాయ్, ఎవురూ నవ్వకుండా నేనెట్టా లేచేది?”