కొలబద్ద

బయటివాళ్లు రాసి తగిలించే ప్లగిన్లన్నీ పీకేస్తే తప్ప మా బ్రౌజర్ పరిగెత్తదని మూడేళ్లుగా ఓస్లో ఆఫీసులో గొంతు చించుకుంటున్నాను. ఆ శుక్రవారం, అందరూ వాఫుల్స్ తింటుండగా, నా కంప్యూటర్‌లోనే రుజువు చూపించాను. బ్రౌజర్ తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు!

"చూశారా? ఎవడు పడితే వాడు రాసింది తగిలించుకుంటే ఇంతే!"

ప్లగిన్ల తరఫున వాదించే ఇంగున్ నోట్లో వాఫుల్ ముక్కతోనే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కటే ఆపుతూ పోయింది. పదకొండు ఆపినా అవే తొమ్మిది సెకన్లు. ఇక ఒక్కటే మిగిలింది.

"ఇదెవడి నిర్వాకం, ఎస్పెన్ మహానుభావా?"

"నాదే," అన్నాను. "ప్లగిన్ల వల్ల ఎంత ఆలస్యమవుతోందో కొలుస్తుంది."

"ఆపెయ్యనా?"

"అయ్యో, అది ఆపేస్తే ఆలస్యం ఎంతో ఎలా తెలుస్తుంది?"

ఇంగున్ దాన్నీ ఆపేసి, బ్రౌజర్ తెరుస్తూ వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఒకటి..."

రెండో వేలిదాకా వెళ్లే పని పడలేదు.

గదిలో ఎవరూ నవ్వలేదు. గబగబా తమ తమ లాప్‌టాప్‌లు తెరుస్తున్నారు. మూడేళ్ల కిందట ఆ కొలబద్దను పట్టుబట్టి అందరిచేతా పెట్టించింది నేనే మరి.