పది అడుగుల ముఖం

ఫోటో పనికిరాదని చెప్పినందుకు డెరిక్ చెంప పగిలింది.

ఆ దెబ్బకు కుర్చీతో సహా వెనక్కి పోయి ప్రింటింగ్ మిషన్‌కు కొట్టుకున్నాడు. కింది పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఆండర్సన్‌పేటలో పదిహేనేళ్ళుగా ఫ్లెక్సులు కొడుతున్నాడు. బేరాల దగ్గర తిట్లు తిన్నాడు, అచ్చుతప్పులకు శాపనార్థాలు పడ్డాడు. ఉన్నమాట అన్నందుకు తన్నులు తినడం మాత్రం ఇదే మొదలు.

కొట్టినవాడు ఈశ్వరప్ప. ఆటో యూనియన్ లీడరు శివరాజ్‌కు కుడిభుజం. వెంట ఇద్దరు మనుషులున్నారు. ఒకడు షట్టరు సగానికి దించాడు. రెండోవాడు చొక్కా వెనక నుంచి మచ్చుకత్తి తీసి కీబోర్డు మీద పెట్టాడు.

"మా అన్న శివరాజ్‌ను నరికేసినారు. పక్క యూనియన్ వాళ్ళే," అన్నాడు ఈశ్వరప్ప. "నాలుగు గంటలకు శవం వస్తాది. అంతలోపల సర్కిల్లో పదడుగుల ఫ్లెక్సు లేయాల. నువ్వేమో ఫోటో బాగలేదంటావు."

ఇక్కడ అదో ఆనవాయితీ. మనిషి పోతే, శవం ఇల్లు చేరేలోపే వీధి మొదట్లో కన్నీటి అంజలి ఫ్లెక్సు నిలబడాలి. ముఖం ఎంత పెద్దదైతే పోయినవాడికి అంత మర్యాద. హత్యయితే ఇక చెప్పేదేముంది, ఆ ముఖం చూసే కదా జనం కత్తులు తీసేది.

డెరిక్‌కు శివరాజ్ అంటే ప్రాణం. తల్లి పోయిన రోజు కుండపోత వానలో శవపేటికకు భుజం పట్టింది శివరాజ్ ఒక్కడే. అలాంటి మనిషిని నరకడానికి వాళ్ళకు చేతులెట్లా వచ్చాయో. దెబ్బ నొప్పి మరిచిపోయి భోరున ఏడ్చేశాడు. సవితమ్మకు తెలుసా అని అడిగాడు. శివరాజ్ భార్య ఆమె. ఇంకా ఎవరికీ తెలియదనీ, తెలిస్తే ఊరు తగలబడుతుందనీ, నోరు మూసుకొని పని చూడమనీ చెప్పి ఈశ్వరప్ప అతని ఫోను లాక్కున్నాడు.

కళ్ళు తుడుచుకుని డెరిక్ ఆ ఫోటోను తెర మీద పెద్దది చేసి చూపించాడు. అది వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి వచ్చిన ఫోటో. ఫోన్లో చూస్తే తళతళలాడుతోంది. పది అడుగులకు సాగదీసేసరికి ముక్కు ఇటుకలు పేర్చినట్టయింది, కళ్ళు రెండు నల్లటి గడులయ్యాయి.

"ఇది కొడితే అన్న అన్నలాగా ఉండడన్నా. చూసినోళ్ళు నవ్వుతారు," అన్నాడు డెరిక్. "వెలుతురులో, దగ్గర్నుంచి తీసింది కావాల. వాట్సాప్‌లో పంపొద్దు, తీసిన ఫోనే తీసుకురాండి."

ఈశ్వరప్ప కత్తి ఎత్తాడు. డెరిక్ కళ్ళు మూసుకున్నాడు. మౌసు పట్టుకున్న చేతికి అంగుళం పక్కన బల్ల చెక్క రెండుగా చీలింది.

"తెస్తా. అదీ బాగలేదన్నావంటే ఈ చెయ్యి ఉండదు."

కత్తి తెచ్చినవాడికే దాన్ని తిరిగిచ్చి కాపలా పెట్టి, షట్టరు దించినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. రోజూ చేసే పని మామూలుగా చేసుకోమని కాపలావాడి హుకుం. వచ్చిపోయేవాళ్ళకు అనుమానం రాకూడదట. డెరిక్ ఒక చేత్తో చర్చివాళ్ళ ప్రార్థన కూడికల ఫ్లెక్సు కొడుతూ, ఇంకో చేత్తో పెదవి మీద గుడ్డ అదుముకుంటూ, లోలోపల ప్రార్థన చేసుకున్నాడు. తీరిక దొరికినప్పుడు శివరాజ్ పేరు కింద జననం, మరణం అని కొట్టాడు. మరణం దగ్గర ఈ రోజు తేదీ వేయలేక ఖాళీ వదిలేశాడు.

గంటన్నర తర్వాత ఈశ్వరప్ప వచ్చాడు. ఒళ్ళంతా చెమట. ఫోను బల్ల మీదికి గిరాటేశాడు.

డెరిక్ వైరు తగిలించి ఫోటో తెరిచాడు. ఎర్రటి ఎండలో, చేతిలో టీ గ్లాసుతో శివరాజ్ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నాలుగు వేల పిక్సెళ్ళ పైమాటే. పెద్దది చేశాడు. మీసంలో ఒక్కో వెంట్రుక విడివిడిగా కనబడింది. ఇంకా పెద్దది చేశాడు. నుదుటి మీద చెమట బొట్లు లెక్కపెట్టొచ్చు.

"సరిపోతాదా?" కత్తి మొన మెడకు తగిలింది.

"సరిపోతాదన్నా. పదడుగులు కాదు, ఇరవై అడుగులకైనా తిరుగులేదు."

కత్తి కిందికి దిగింది. చెయ్యి దక్కిందని డెరిక్ ఊపిరి పీల్చుకున్నాడు. ముఖం బాగుంటే చాలదు, ఫోటో చెదిరిందా లేదా అన్నది అంచుల్లో తెలుస్తుంది. అలవాటు చొప్పున ఫోటోను పక్కకు జరిపి, వెనకాల ఉన్న సర్కిల్నీ కరెంటు స్తంభాన్నీ అదే సైజులో చూశాడు.

చచ్చిపోయిన శివరాజ్ భుజం వెనక ఆ స్తంభానికి కట్టి ఉన్నది, గంట కిందట ఇదే మిషన్ మీద డెరిక్ తన చేతులతో కొట్టి పంపిన చర్చి కూడికల ఫ్లెక్సు.