కుళాయి చప్పుడు

చేపల మీద పరిశోధనలు చేసే ఒక ప్రయోగశాలలో, గాజుతొట్టిలో ఓ చారల చేప ఉండేది. పైనున్న కుళాయి ఎక్కడ ఆగిపోతుందోనని దానికి ఒకటే భయం. తొట్టి నిండి, నీళ్లు పొర్లి మోరీ పాలవుతున్నా సరే, ఆ చప్పుడు వినబడకపోతే దానికి కంటిమీద కునుకుండదు.

ఒకనాడు పెరటి బావిలో ఉండే కప్ప మోరీలోంచి పైకొచ్చింది.

"అక్కా, నీ తొట్టి నిండిందిగా, కుళాయి కట్టెయ్యనా? దీనికి నీళ్లు తోడే మోటారు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంది. అక్కడ నా బావి అడుగంటిపోతోంది."

చేప గబుక్కున కుళాయి కిందికి ఈదింది. "నీకు పుణ్యముంటుంది, దాని జోలికి పోకు! ఆ చప్పుడు ఆగిందంటే నా ప్రాణం పోయినట్టే!"

కప్ప జాలిపడి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. వీపంతా ఎండిన బురద.

"మళ్లీ ఎందుకొచ్చావు?" కుళాయి వైపే చూస్తూ అడిగింది చేప.

"అక్కడ ఉండటానికి ఇంకేం మిగిలిందక్కా?"

అంతలో కుళాయి ఒక్కసారి దగ్గినట్టయింది. ధార సన్నబడి, చుక్కలై, అదీ ఆగిపోయింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. కుళాయిలోంచి బుస్సుమంటూ ఉత్త గాలి వస్తోంది.

"భయపడకక్కా," అంది కప్ప మెల్లగా. "చప్పుడు ఆగలేదుగా."